మిట్ట తోటా, పల్లం తోటా?

నీళ్ళ సీసా చేతికందేలా పెట్టుకోండి. మే మొదటి వారం, మధ్యాహ్నం రెండు దాటింది. బనగానపల్లె నుంచి యాగంటికి పోయే దారి వదిలి, బండ్ల బాట పట్టి, ఎర్రమల కొండల పాదాల దాకా వచ్చేశారు. ఎండ 43 డిగ్రీలు. ముక్కులోకి పోయే గాలి కూడా కాలుతోంది. చెప్పుల కింద గులకరాళ్ళు చుర్రుమంటున్నాయి. తల ఎత్తితే చేతికి తగిలేంత దగ్గర్లో ఒక బేనిషాన్ కాయ, అంటే బనగానపల్లె మామిడి, వేలాడుతోంది. పట్టుకోండి. నీడవైపు చెంప చల్లగా ఉంది, ఎండవైపు చెంప వేడిగా ఉంది. రెండూ ఒకే కాయవి.

ఈ ఏడాది ఈ తోట మీది. జనవరిలో పూత చూసి గుత్తకు పట్టారు. పెట్టిన డబ్బంతా ఇప్పుడు కొమ్మలకు వేలాడుతోంది. తోట రెండు ముక్కలు. పైన కొండ వాలును ఆనుకుని మిట్ట. కింద వంక గట్టు దాకా పల్లం. రెండింట్లోనూ ఒకే రకం చెట్లు, ఒకే ఏడు నాటిన అంట్లు. కూలీలు పన్నెండు మంది ఉన్నారు. నిచ్చెనలు మూడే.

చిన్నాయన మాట్లాడకుండా పడమర కొండవైపు చూస్తున్నాడు. ఈ తోటకు కావలి ఆయనే. మీరూ అటు చూడండి. కొండ వెనక నుంచి తెల్లటి మబ్బు ఒకటి నిటారుగా పైకి లేస్తోంది. అంచులు ఇంకా గట్టిగా, తెల్లగా ఉన్నాయి.

"పొద్దుగూకే లోపల గాలొస్తాదప్పా," అంటాడు. "రెండు ముక్కలూ కొయ్యలేం. మిట్ట కొయ్యాల్నా, పల్లం కొయ్యాల్నా, సెప్పు."

మిట్ట ఎత్తులో ఉంది, గాలికి ముందు దొరికేది అదే. పల్లంలో కాయ పెద్దది, తూకానికి బాగా వస్తుంది. తూకమే డబ్బు. నోరు తెరిచే ముందు ఒకసారి రెండు చోట్లా నడిచి రండి.

మిట్టన ఒక చెట్టు పాదులో గడ్డపార వెయ్యండి. జానెడు ఎర్రమట్టి లేచింది. రెండో పోటుకే ఖంగుమంది. గరుసు, గులకరాయి, మళ్ళీ గరుసు. సీసాలోంచి గుక్కెడు నీళ్ళు అందులో పొయ్యండి. పోసినంతసేపు కూడా నిలవలేదు. ఈ రాళ్ళన్నీ పైనుంచి దొర్లి వచ్చినవే. కొండ నెత్తిన పరుచుకున్న ఆ గట్టి బండను భూగర్భ శాస్త్రవేత్తలు పాణ్యం క్వార్ట్‌జైట్ అంటారు, ఇక్కడికి దగ్గరి పాణ్యం పేరుతో. దాని కింది వరసల్లో సున్నపురాయి ఉంది. బేతంచెర్ల నాపరాయి, బెలుం గుహలు ఆ సున్నపురాయిలోవే. ఇంకా అడుగున, గులకలు అతుక్కుపోయిన రాతి పొర ఒకటి బనగానపల్లె పేరే మోస్తోంది. ఒకప్పుడు జనం వజ్రాల కోసం తవ్వింది దాన్నే.

ఇప్పుడు పల్లంలోకి దిగండి. యాభై అడుగులు దిగేసరికి కాలి కింద రంగు మారింది. నల్లరేగడి. అరచెయ్యి పట్టేంత బీటలు. బీటలోకి వేళ్ళు పోనియ్యండి. పైన మంటలా ఉన్న నేల, మోచేయి లోతున చెమ్మగా తగిలింది. పోయిన వానాకాలం నీళ్ళు ఇంకా ఇక్కడే ఉన్నాయి. పాత కర్నూలు జిల్లా మొత్తానికి ఏడాదికి పడే సగటు వాన 670 మిల్లీమీటర్ల దగ్గర. ఆ కొంచెం వానను మిట్ట వదిలేసింది, పల్లం దాచుకుంది.

   

రెండు చోట్లా ఒక్కో కాయ కొయ్యండి. మొహం పక్కకు తిప్పుకోండి. తొడిమ తెగగానే సొన చిమ్ముతుంది, కంట్లో పడితే మంట, చర్మాన పడితే పుండు. రెండు కాయలూ నీళ్ళ బకెట్లో వెయ్యండి. మిట్ట కాయ మునిగింది. పల్లం కాయ తేలింది. బయటికి తీసి చూడండి. మిట్ట కాయ చిన్నది, కానీ తొడిమ గుంటలోకి దిగి భుజాలు పైకి లేచాయి, తోలు నిగనిగ తగ్గింది. పల్లం కాయ చేతినిండా ఉంది, భుజాలు ఇంకా లేవలేదు. కత్తితో కొయ్యండి. మిట్ట కాయలో టెంక చుట్టూ పసుపు తిరిగింది. పల్లం కాయ లోపల తెలుపు.

ఒకే రకం కదా, ఎందుకింత తేడా? అని మీకు తట్టే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లోకి వెళ్ళి చూడండి. వానలు వెనక్కి తగ్గగానే మిట్ట నేల ఎండిపోయింది. చెట్టుకు బెట్ట తగిలింది. కొత్త చిగురు వెయ్యడం మానేసింది. కొమ్మ ముదిరింది. రాత్రులు చల్లబడ్డాయి. డిసెంబరులో పూత బయటికొచ్చింది. పల్లంలో చెట్టుకు ఆ కష్టం తెలియలేదు. కాళ్ళ కింద తడి ఉంది కాబట్టి ఆకు వేస్తూనే ఉంది, జనవరి దాకా పూతకు రాలేదు. ఆ తేడానే ఇప్పుడు మీ చేతిలో రెండు చెక్కలుగా ఉంది. మిట్ట కాయకు తాగడానికి నీళ్ళు తక్కువ, అందుకే బరువు తక్కువ. ఆకు ఎండలో వండి పంపిన పిండి పదార్థం మాత్రం తక్కువేం కాదు. మాగినప్పుడు ఆ పిండే చక్కెర అవుతుంది. కాయ నీళ్ళలో మునగడానికి కారణం కూడా అదే.

రాతి రుచి కాయలోకి ఎక్కుతుందని కొందరంటారు. అలా జరగదు. కింద సున్నపురాయి ఉన్నంత మాత్రాన గుజ్జుకు సున్నం రుచి రాదు. నిజానికి సున్నం మితిమీరిన నేలలో మామిడి ఆకు ఇనుము అందక పాలిపోతుంది. నేల చేసేది వేరే పని. నీళ్ళు ఎప్పుడివ్వాలో, ఎప్పుడు ఆపాలో, వేరు ఎంత లోతుకు పోవాలో నేల తేలుస్తుంది. మిగతా పని ఎండ చేస్తుంది.

ఈ సంగతి మీకంటే ముందే పట్టుకుని దాని మీదే బతుకుతున్న ఊరు ఒకటి ఫ్రాన్సులో ఉంది. ఒక్క నిమిషం అక్కడ నిలబడండి. ఊరు పేరు షాబ్లీ, బర్గండీ ఉత్తరపు కొసన, సెరాన్ నది పక్కన. ఏప్రిల్ నెల, తెల్లవారుజాము మూడు గంటలు. అక్కడా కాళ్ళ కింద సున్నపు నేలే, చిన్న చిన్న ఆల్చిప్పల గుల్లలతో నిండినది. మన కర్నూలు సున్నపురాయి దానికంటే ఎంతో పాతది. అక్కడ పెరిగేది షార్డొనే అనే తెల్లద్రాక్ష. అదీ అంటు కట్టిందే. అదే ద్రాక్ష వేడి దేశాల్లో మెత్తగా, పండు వాసనతో తెల్ల వైను ఇస్తుంది. షాబ్లీలో అదే ద్రాక్ష సన్నగా, నిమ్మలాంటి పులుపుతో వస్తుంది. చల్లటి రాత్రుల్లో కాయ తన పులుపును ఖర్చు పెట్టుకోదు. కానీ ఆ చలే ఏప్రిల్‌లో మంచు గడ్డై లేత మొగ్గను మాడ్చేస్తుంది. అందుకే ఈ వేళప్పుడు రైతులు తీగల వరసల మధ్య మైనపు కుండలు వెలిగిస్తున్నారు. కొందరు మొగ్గల మీద నీళ్ళు చల్లుతున్నారు. ఆ నీళ్ళు గడ్డకడుతూ విడిచే కాస్త వేడి మొగ్గను సున్నా దగ్గర నిలబెడుతుంది. 2021 ఏప్రిల్‌లో ఇన్ని చేసినా ఫ్రాన్సు అంతటా తోటలు మాడిపోయాయి.

ఇక మళ్ళీ ఇక్కడికి రండి. మీ దగ్గర చలి లేదు. మీ కాయను తీపి చేసింది ఎండ, పొడి గాలి. జనవరిలో వాన పడలేదు కాబట్టే పూత కుళ్ళలేదు, తోలు మీద నల్లమచ్చ ఎక్కలేదు. సముద్రం దగ్గరి తేమ గాలిలో ఇదే అంటు ఎక్కువ మందు కొట్టించుకుంటుంది. మరి షాబ్లీ రైతుకు చలి ఎలాగో, మీకు ఈ ఎండ అలాగే. అటు కొండవైపు చూడండి. మబ్బు అడుగు నల్లబడింది.

"మిట్ట కోద్దాం, చిన్నాయనా."

ఆయన తల ఊపాడు. అప్పటికే నిచ్చెన భుజాన వేసుకున్నాడు.

దోటి కొసన కొక్కెం, కొక్కెం కింద చిక్కం. కాయను చిక్కంలోకి తీసుకుని, తొడిమ దగ్గర కొక్కెం తగిలించి, ఒక్క లాగు. దుడుకుగా లాగితే తొడిమ మొదలంటా ఊడి, సొన కాయంతా కారి, మాగేలోపు నల్లచారలు కడుతుంది. వేలెడంత తొడిమ మిగలాలి. కింద ఆడవాళ్ళు కాయ అందుకుంటున్నారు, తొడిమ గిల్లుతున్నారు, సొన కారిపోయేలా కాయను తలకిందులుగా గడ్డి మీద నిలబెడుతున్నారు. మిట్ట కాయకు వేరే ట్రేలు పెట్టించండి. మేస్త్రీ అడుగుతాడు, మండీలో ఎటూ కలిపే పోస్తారు కదా, వేరెందుకని. పెట్టించండి.

దీని మీద నా మనసులో మాట ఒకటి ఉంది. 2017లో ఈ మామిడికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పటంలో బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలు నడిబొడ్డున ఉన్నాయి. కానీ పటం అక్కడ ఆగలేదు. రాయలసీమంతా, కోస్తా, తెలంగాణలో కొన్ని జిల్లాల దాకా పరుచుకుంది. అంతమంది రైతులు ఈ పేరుతో బతుకుతున్నారు, వాళ్ళకు ఆ హక్కు ఉండాల్సిందే. అయితే షాబ్లీలో ఊరి పేరుతో ఆగలేదు. నదికి ఎదురుగా ఉన్న ఒకే ఒక్క వాలును ఏడు ముక్కలుగా గీసి, ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెట్టి, దేని ధర దానికి కట్టారు. మన దగ్గర నవాబుల కాలం నుంచీ పేరున్న పండుకు మిట్ట కాయ, పల్లం కాయ అనే తేడా కావలివాడి నోట్లో తప్ప ఎక్కడా రాసి లేదు. తూకం రాళ్ళకు రుచి తెలియదు. గరుసు నేలలో తక్కువ కాపుతో తీపి కాయ పండించిన రైతుకు ఇది అన్యాయం అని నేను గట్టిగా అనుకుంటున్నాను.

నాలుగు దాటింది. పనిలో పడి మీరు గమనించలేదు. గాలి ఆగిపోయింది.

ఒక్క ఆకు కదలడం లేదు. చెమట ఆరడం లేదు. పిట్టల చప్పుడు లేదు. వంక అవతల మేకలు కొండవైపు కాక ఊరివైపు నడుస్తున్నాయి, తోలేవాళ్ళు లేకుండానే.

మిట్టలో మూడో వంతు చెట్లు మిగిలాయి. ఇంకో అరగంట దొరికితే అయిపోతుంది. ఇద్దరు కుర్రాళ్ళు చెట్ల పైకొమ్మల్లో ఉన్నారు.

పడమర ఒక మెరుపు. మనసులో లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిదికి ఉరిమింది. ఆరు కిలోమీటర్లు.

"ఇంకో రెండు చెట్లు కోసేస్తాం అన్నా!" పైనుంచి కేక.

ఏం చెప్తారు? ఆ రెండు చెట్ల మీద ఎన్ని ట్రేలు ఉన్నాయో మీకు తెలుసు.

మళ్ళీ మెరుపు. పదకొండు. ఉరుము.

"దిగండి!" అని అరవండి. "అందరూ దిగండి!"

చెట్టు కింద నిలబడనియ్యకండి. పొలాల్లో పిడుగు పడి పోయే ప్రాణాల్లో చాలా చెట్టు కిందే పోతాయి. పక్క తోటలో మిద్దె ఇల్లు ఉంది. అటు పంపండి. దోటీలు కింద పడెయ్యమనండి. నిచ్చెనలు పడుకోబెట్టండి. నిండిన ట్రేల మీద టార్పాలిన్ లాగండి. అంచుల మీద రాళ్ళు. ఇంకో రాయి.

కొండ కనబడటం లేదు. ఎర్రటి దుమ్ము గోడ. దగ్గరికొస్తోంది.

పరుగెత్తండి.

తగిలింది. ఒంటికి చల్లగా. వీపున తోసినట్టు. దుమ్ము కళ్ళలో. నోట్లో గరుసు. టార్పాలిన్ పటపటా కొట్టుకుంటోంది. వెనక ధన్‌మని ఒక కాయ. ఇంకొకటి. ఆపైన లెక్క లేదు. కొమ్మ విరిగింది. చూడకండి. మిద్దె గడప. చిన్నాయన చెయ్యి. లోపలికి.

తలుపు మూశారు.

చీకట్లో పద్నాలుగు మంది ఊపిరి. అందరూ ఉన్నారా? పేరు పేరునా పిలవండి. ఉన్నారు. పైకొమ్మల్లోని కుర్రాళ్ళిద్దరూ ఉన్నారు. ఇప్పుడు మీ కాళ్ళు వణుకుతున్నట్టు తెలుస్తోంది.

ఇంత ఎండలో ఇంత చల్లటి గాలి ఎక్కడిది? కిటికీ సందులోంచి చూస్తూ ఇదే అనుకుంటున్నారు కదా. పొద్దుటి నుంచీ ఈ రాతి నేల కాగింది. కాగిన గాలి పైకి లేచింది, బంగాళాఖాతం వైపు నుంచి వచ్చిన తేమ కలిసి మబ్బు కట్టింది. మబ్బులోంచి దిగిన చినుకులు కింద ఉన్న ఎండు గాలిలో సగం దారిలోనే ఆవిరైపోయాయి. ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరిచాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందపడి, నేలను తాకి పక్కలకు పరుగు తీసింది. గాలి ఎంత పొడిగా ఉంటే ఆ పాటు అంత గట్టిగా ఉంటుంది. మీ కాయలో పులుపు తగ్గించి తీపి నింపిన ఎండ, తోలు మీద మచ్చ పడకుండా కాసిన పొడిదనం, ఆ రెండే ఇప్పుడు బయట కొమ్మలు విరుస్తున్నాయి.

ముప్పావు గంట. వాన కాసేపు బలంగా కొట్టి, తూర్పున నల్లమలవైపు తరలిపోయింది. ఉరుము దూరమైనా అరగంట ఆగండి. కుర్రాళ్ళు తొందరపడతారు. ఆపండి.

ఇప్పుడు తలుపు తియ్యండి.

మిట్టలో మీరు వదిలిన చెట్ల కింద నేల కనబడటం లేదు. అన్నీ కాయలే. ముదిరిన కాయకు తొడిమ పట్టు తక్కువ, పైగా అడ్డం లేని ఎత్తు. టార్పాలిన్ ఒక మూల లేచింది, రాళ్ళు మిగతా మూడు మూలలూ పట్టి ఉంచాయి. ట్రేలు నిలబడ్డాయి. పల్లంలోకి నడవండి. గట్టు చాటున అక్కడ కాయ రాలింది, కానీ పదింట ఒకటో రెండో. మిట్టను ముందు కొయ్యడం మంచిదే అయింది.

ఫోను మోగుతోంది. వ్యాపారి. గాలివాన సంగతి అప్పుడే తెలిసింది. రాలిన కాయ పచ్చడికి, కిలో ఇంతకని ఒక రేటు చెప్పాడు, మీరు అనుకున్నదానికి బాగా తక్కువ. ఆ తర్వాత అసలు మాట: పల్లం కాయ కూడా రేపే కోసెయ్యండి, రంగు సంగతి మేం చూసుకుంటాం. రంగు ఎలా తెస్తారో మీకు తెలుసు. కార్బైడు వాడకం చట్టం నిషేధించింది. వాడినా తోలు పసుపెక్కుతుందేగానీ, లోపల చేరని పిండి ఎక్కడి నుంచీ రాదు. తెల్లగా ఉన్న ఆ చెక్కను మీరు మధ్యాహ్నమే చూశారు.

ఆగితే? అదీ తేలిక కాదు. నల్లరేగడి ఈ వాననంతా తాగింది. బీటలు పూడుకుంటున్నాయి. నాలుగు రోజుల్లో కాయ ఇంకా ఉబ్బుతుంది, తీపి పల్చబడుతుంది. తడికి మచ్చ తెగులు లేస్తుంది, పండు ఈగ వస్తుంది. మిట్టలో ఇదే వాన గరుసులోంచి ఎప్పుడో జారిపోయింది.

"ఎన్ని దినాలు ఆగాల చిన్నాయనా?"

ఆయన ఒక పల్లం కాయను తెంపకుండానే అరచేతిలో పట్టి, బొటనవేలితో భుజం తడిమి చూశాడు. "ఎండ గట్టిగా కాస్తే ఎనిమిది. కాయకపోతే పది. నీళ్ళు మాత్రం సుక్క పెట్టొద్దు. బోరు బందు పెట్టు."

వ్యాపారికి కాదని చెప్పండి. రేపు పొద్దున్నే పల్లంలో ఈగ బుట్టలు కట్టించండి. ఈ రాత్రి మాత్రం వేరే పని ఉంది. రాలిన కాయ తెల్లారేదాకా చెట్టు కింద ఉంటే ఈగ దాంట్లోనే గుడ్లు పెడుతుంది, మట్టిలోనే పురుగు ముదురుతుంది. పగిలినవి ఒక గుంతలోకి, పగలనివి పచ్చడి లారీకి. వెలుగు ఇంకో గంట ఉంటుంది. గంప తీసుకోండి, మిట్ట నుంచి మొదలుపెట్టండి.